కైమా ఉండల కోసం కొన్న వెడల్పు కుక్కరు: పది నెలలు వాడినాక

మా అత్తమ్మకు డెబ్భై ఎనిమిదేళ్లు. పైవరస పళ్లు ఒక్కటీ లేవు. కట్టుడు పళ్లు చేయించినాం గానీ, అన్నం ముందర కూర్చోగానే వాటిని తీసి గ్లాసులో వేసేస్తుంది. మటన్ ముక్క నమిలే ఓపిక ఆమెకు పోయి నాలుగేళ్లయింది. ఆదివారం పూట ఆమె సంగటితో తినగలిగేది కైమా ఉండల కూర ఒక్కటే. ఆ ఉండ నాలుక కింద నలగాలి, కానీ గరిటెకు విడిపోకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే ఎంత కష్టమో చేసేవాళ్లకు తెలుస్తుంది. నేను ఈ కుక్కరు కొనింది అందుకోసమే కాబట్టి, మంచి చెడ్డా ఆ లెక్కనే చెప్తాను.

మాది చిత్తూరు, మిట్టూరు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. అత్తమ్మ తన కాలంలో ఈ కూరను మట్టిసట్టిలో, కట్టెల పొయ్యి మీద, సన్న సెగన ముక్కాలు గంట ఉడికించేదట. పండగ ముందర కుట్టు బేరం మీదుండే నాకు ముక్కాలు గంట పొయ్యి దగ్గర నిలబడేదానికి కుదరదు. అందుకని ఇంట్లో ఉన్న పాత కుక్కరులో పెట్టేదాన్ని. అల్యూమినియంది, ఏడున్నర లీటర్లు, పొడుగ్గా బిందె మాదిరి ఉంటుంది. పప్పుకు, బియ్యానికి, బొమికల పులుసుకు దానికి వంక పెట్టలేను. ఉండలకు మాత్రం అది పనికిరాదని పోయిన కనుమ రోజు తెలిసింది.

ఆ రోజు పలమనేరు నుంచి మా ఆడబిడ్డ వాళ్లు వచ్చినారు. కిలో కైమా తెచ్చి నలభై నాలుగు ఉండలు చేసినాను. కుక్కరు అడుగున పదహారే పట్టినాయి. మిగిలినవి వాటి మీద, ఇంకా మీద, మూడు వరసలుగా పడినాయి. మూడు విజిళ్లు రానిచ్చి దించినాను. అందరూ విస్తళ్ల ముందర కూర్చోనున్నారు. ఆవిరి దిగేదాకా ఆగలేక స్పూనుతో వెయిట్ ఎత్తినాను. బుస్సుమని పైకప్పు దాకా ఎగజిమ్మింది. మూత తీస్తే లోపల ఉండలు లేవు. పై వరసవి పదో పన్నెండో రూపం మీదున్నాయి, తక్కినదంతా మసాలాలో కలిసిపోయిన కైమా. అడుగున చూస్తే మాడు. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. దాన్నే సంగటిలో కలుపుకొని తినింది. ఆమె ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధేసింది.

ఎందుకట్ల అయిందో తర్వాత కూర్చొని ఆలోచించినాను. కుక్కరు లోపల ఆవిరి బిగబట్టినప్పుడు వేడి నూటిరవై డిగ్రీల దగ్గరుంటుంది. మామూలు గిన్నెలో నీళ్లు నూరు దగ్గరే తెర్లుతాయి కదా. వెయిట్ ఎత్తి ఆ బిగువు ఒక్కసారిగా వదిలేస్తే, నూరు దాటి ఉన్న ఆ నీళ్లన్నీ ఒకేసారి తెర్లడం మొదలుపెడతాయి. పులుసులో నీళ్లే కాదు, ఉండ లోపల పట్టుకొనున్న తడి కూడా. ఇంక ఉండ లోపలి నుంచే పగులుతుంది. దానికి తోడు కింది వరస మీద పై రెండు వరసల బరువు. మెత్తటి సరుకును మూటల మాదిరి ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద మంట పెట్టినట్టయింది. ఇందులో కైమాది తప్పు లేదు, మసాలాది లేదు. తప్పంతా గిన్నె ఆకారానిది, నా తొందరది.

ఉండలన్నీ ఒకే వరసలో కూర్చోవాలి. అడుగు వెడల్పుగా, మందంగా ఉండాలి. ఈ రెండూ మనసులో పెట్టుకొని ఫిబ్రవరిలో ఒక శనివారం తిరుపతికి పోయినాను. మా పాప అక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. దాన్ని చూసినట్టూ ఉంటుంది, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో స్టీలు అంగళ్లు చూసినట్టూ ఉంటుంది. మేము శనివారం నీసు ముట్టం, దర్శనం చేసుకున్నాకే అంగళ్ల మీద పడినాం.

మొదటి అంగట్లో ఎన్ని లీటర్లమ్మా అన్నారు. లీటర్లు కాదన్నా, అడుగు వెడల్పు ఎంతుందో చూడాలన్నాను. చేతిసంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. మూతలు తీసి లోపలి అడుగు కొలిచినాను. మూడు లీటర్లది ఏడంగుళాలు. ఐదు లీటర్ల మామూలుది ఏడుముక్కాలు. అంటే లీటర్లు పెరిగితే లోతు పెరుగుతోంది గానీ వెడల్పు పెద్దగా పెరగడం లేదు. రెండో అంగట్లో వయసాయన ఒకాయన నా బాధ అర్థం చేసుకొని, "నీకు కావాల్సింది పాన్ కుక్కరమ్మా" అని లోపలి గది నుంచి ఒకటి తెచ్చినాడు. ఐదు లీటర్లదే. మూకుడు మాదిరి పరుచుకొని ఉంది. టేపు ఒక కొస ఆయనే పట్టుకున్నాడు. లోపల పదంగుళాలు, లోతు నాలుగు. స్టీలుది. అడుగున రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం పొర. స్టీలు వేడిని ఒకచోటే పట్టుకుంటుంది, మంట తగిలినచోటే మాడుతుంది. నడుమ అల్యూమినియం ఉంటే వేడి అడుగంతా పాకుతుంది. టమోటా, చింతపండు పులుపుకు స్టీలు ఏమీ కాదు. మా పాత అల్యూమినియంది చింతపండు పులుసు పెట్టీ పెట్టీ లోపల పులుపు తినేసి గరుకుగా అయిపోయింది.

ధర 3,150 చెప్పినారు, 2,900కు ఇచ్చినారు. అంతకు ముందు వేరే వీధిలో ఇంచుమించు ఇదే ఆకారంలో 1,400కు ఒకటి చూపించినారు. తిప్పి చూస్తే దాని మీద ఐఎస్ఐ గుర్తు లేదు. కుక్కర్లకు ఐఎస్ 2347 అని ప్రమాణం ఉంది. ఆ గుర్తు లేకుండా అమ్మకూడదని 2021 నుంచి నిబంధన అమల్లో ఉంది. అయినా బయట దొరుకుతానే ఉన్నాయి. పదిహేను వందలు మిగుల్తాయని అట్లాంటిది ఇంట్లోకి తేవద్దు. ఆవిరితో పని, పొయ్యి ముందర నిలబడేది మనం, పక్కన తిరిగేది పిల్లోళ్లు. అడుగున గానీ పక్కన గానీ ఆ గుర్తు, దాని కింద నంబరు అచ్చు పడి ఉంటాయి, కళ్లతో చూసుకున్నాకే డబ్బులియ్యండి.

మర్నాడు ఆదివారం. సంతపేటలో మాకు వాడుక అంగడి ఉంది. అరకిలో తొడమాంసం ముందు ముక్కలుగా చూసుకొని, నా ఎదురుగానే మిషన్లో రెండుసార్లు వేయించినాను. ఒక్కసారి వేస్తే నరాలు మిగులుతాయి, ఉండ నోట్లో పీచుపీచుగా తగులుతుంది. కొవ్వు బొత్తిగా లేకుండా తీయించొద్దు. కొంచెం కొవ్వు లేకపోతే ఉండ గట్టిగా అయిపోతుంది.

కైమా కడిగినాక నీళ్లు పోవాలి, అసలు పని అక్కడే ఉంది. సన్నకంతల జల్లెడలో పావుగంట వదిలేసి, తర్వాత పిడికెడు పిడికెడు తీసుకొని రెండు అరచేతుల నడుమ పెట్టి పిండుతాను. చివరి చుక్క ఎర్రగా, చిక్కగా వస్తుంది, అప్పుడు ఆపాలి. దాంట్లో ఉప్పు వేసి, వేరే ఏమీ వేయకుండా, వేళ్లతో ఐదు నిమిషాలు పిసుకుతాను. ఉప్పు తగిలేకొద్దీ మాంసం జిగురు పట్టుకొని చేతికి అతుక్కుంటుంది. చెయ్యి తలకిందులు చేసినా ముద్ద జారకుండా ఉంటే ఆ జిగురు చాలు. ఉండను పట్టి ఉంచేది అదే. తర్వాతే సన్నగా తరిగిన ఎర్రగడ్డ ఒకటి, పచ్చిమిరక్కాయలు, అల్లం తెల్లగడ్డ నూరింది, పుదీనా, చెక్కా లవంగాల పొడి, పప్పుల పొడి నాలుగు స్పూన్లు. పప్పులంటే వేరే జిల్లాల వాళ్లు పుట్నాలంటారే, అవి. గుడ్డు వేయను. గుడ్డు వేస్తే ఉండ విడిపోదు, నిజమే, కానీ అత్తమ్మ చిగుళ్లకు గట్టిగా తగులుతుంది. ఎర్రగడ్డ కలిపినాక పెట్టి ఉంచితే నీళ్లు వదులుతుంది కాబట్టి కలిపిన వెంటనే ఉండలు కట్టేయాలి. పెద్ద ఉసిరికాయంత ఉండ. అరకిలోకు ఇరవై రెండు వచ్చినాయి.

కుక్కరులో నూనె, ఎర్రగడ్డలు, టమోటాలు, కారం, ధనియాల పొడి. ఇక్కడే ఈ అడుగు పనితనం కనిపించింది. టమోటాలు మగ్గేటప్పుడు అంచున ఉన్న ముక్క, నడుమ ఉన్న ముక్క ఒకేసారి కరిగినాయి. పాతదాంట్లో నడుమ మాడుతుంటే అంచున పచ్చిగా ఉండేవి. గ్లాసున్నర నీళ్లు పోసి తెర్లినాక ఉండలు ఒక్కొక్కటిగా వదిలినాను. ఇరవై రెండూ ఒకే వరసలో, ఒకదానికొకటి కొంచెం ఎడంగా కూర్చున్నాయి. నీళ్లు వాటి నడుము పైదాకా వచ్చినాయి. అంత చాలు, పైభాగాన్ని ఆవిరి చూసుకుంటుంది.

మూత వెంటనే పెట్టకూడదు. ఐదు నిమిషాలు అట్లనే తెర్లనియ్యాలి. గరిటె పెట్టొద్దు. రెండు పిడులూ పట్టుకొని కుక్కరునే చిన్నగా అటూ ఇటూ తిప్పాలి. వెడల్పు గిన్నె కాబట్టి ఉండలు దొర్లుతాయి, ఒకదాన్నొకటి గుద్దుకోవు. ఎర్రగా ఉన్నవి తెల్లబడి పైపొర బిగిసినట్టు కంటికే తెలుస్తుంది. అప్పుడు మూత, వెయిట్. నడిమి సెగ మీద ఒక్క విజిలు వచ్చినాక సిమ్ములో ఆరు నిమిషాలు, అంతే. విజిళ్లు లెక్కపెట్టే అలవాటు ఈ కూరకు మానుకోవాలి. విజిలు వచ్చిన ప్రతిసారీ లోపల కుదుపు, నీళ్లు పోవడం తప్ప ఉండకు లాభం లేదు. బిగువు నిలబడితే చాలు.

పొయ్యి ఆపినాక వెయిట్ జోలికి పోలేదు. దానంతట అది దిగేదానికి పన్నెండు నిమిషాలు పట్టింది. పాతది ఏడెనిమిది నిమిషాల్లో దిగేది. ఈ మందపు అడుగు వేడిని వదలదు, కాబట్టి ఆ పన్నెండు నిమిషాలూ లోపల ఉడుకుతానే ఉంటుందని లెక్కలో పెట్టుకోవాలి. రెండో వారం తెలియక సిమ్ములో పది నిమిషాలు ఉంచితే ఉండలు కొంచెం బిరుసుగా వచ్చినాయి. మూడో వారం నుంచి మళ్లీ ఆరుకు దించినాను, ఇంక మార్చలేదు.

మూత తీసినాను. ఇరవై రెండుకు ఇరవై రెండూ ఉన్నాయి. నూనె పైకి తేలి, ఉండల మీద సన్న పగుళ్లు, ఆ పగుళ్లలోకి పులుసు ఇంకి. టెంకాయ, గసాలు నూరిన ముద్ద అప్పుడు వేసినాను, ముందు కాదు. ముందే వేస్తే పులుసు చిక్కబడి ఏ కుక్కరులోనైనా అడుగంటుతుంది, వెయిట్ సందు నుంచి చిమ్ముతుంది కూడా. మూత లేకుండా ఇంకో ఐదు నిమిషాలు ఉడికించి కొత్తిమీర వేసి దించినాను. అత్తమ్మ సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోయించుకొని, ఉండను బొటనవేలితో నొక్కి చూసింది. నలిగింది. "ఇంగ రెండెయ్యిమే" అనింది. ఆమె మామూలుగా తినేది మూడు, ఆ పూట ఐదు తినింది.

ఇంక లోపాలు. ఇన్ని డబ్బులు పెట్టి కొన్నదాంట్లో ఇవి ఉండకూడదని నా అభిప్రాయం.

మూడో నెలకే పెద్ద పిడి మరలు వదులైనాయి. మాంసంతో నిండిన కుక్కరు ఎత్తేటప్పుడు పిడి కదిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. స్క్రూడ్రైవరుతో బిగించుకున్నాను, మళ్లీ రెండు నెలలకు వదులైనాయి. ఇప్పుడు నెలకోసారి నేనే చూసుకుంటున్నాను. అవతలి వైపు చిన్న పిడి మరీ పొట్టిది, నాలుగు వేళ్లు పట్టవు. గుడ్డ పెట్టి పట్టుకుంటే ఆ గుడ్డ మంటకు తగిలేటంత దగ్గరగా ఉంది.

ఎనిమిదో నెలలో గాస్కెట్, అంటే మూతకుండే రబ్బరు చుట్టు, బిగువు తప్పి పక్కల నుంచి ఆవిరి రావడం మొదలుపెట్టింది. వారానికి నాలుగైదుసార్లు వాడితే గాస్కెట్ అరగడం సహజమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా సర్వీసు సెంటరు మీద. ఫోను చేస్తే ఆ సైజు లేదన్నారు, రెండు వారాలన్నారు, రెండు వారాలకు చేస్తే ఇంకో వారమన్నారు. పాన్ కుక్కరు గాస్కెట్ పెద్ద చుట్టు, మామూలు ఐదు లీటర్లదానిది దీనికి పట్టదు. చివరికి మా ఊరు బజారు వీధిలో కుక్కర్లు, మిక్సీలు బాగుచేసే చిన్న అంగడాయన దగ్గరికి పాత గాస్కెట్ తీసుకొనిపోతే, అదే కంపెనీది అసలుదే తెప్పించి మూడు రోజుల్లో ఇచ్చినాడు. 160 రూపాయలు. దాంతోపాటు, అడగకుండానే, వెయిట్ కూర్చునే గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, దాంట్లో ఇరుక్కొనున్న మిరపగింజను పిన్నీసుతో తీసినాడు. "మూత పెట్టే ప్రతిసారీ దీంట్లోంచి ఆకాశం కనపడాలక్కా" అన్నాడు. అప్పటి నుంచి మూత పెట్టేముందు కిటికీ వైపు తిప్పి చూడకుండా పెట్టను. సేఫ్టీ వాల్వు కూడా అదే కంపెనీది వేయించుకోవాలని, దొరికింది బిగించుకోవద్దని గట్టిగా చెప్పినాడు. లోపల నీళ్లింకిపోయి వేడి మీరితే కరిగి ఆవిరిని బయటికి వదిలేది అదే కాబట్టి అందులో బేరం కుదరదు.

ఇంకొకటి. దీంతో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషు ఉంది, హిందీ ఉంది, తెలుగు లేదు. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదని, నురగ వచ్చే పప్పు, పొంగే బియ్యం లాంటివి సగానికి మించకూడదని, గొట్టం చూసుకోవాలని, ఇంట్లో వంట చేసే మనిషి తెలుసుకోవాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి. మా పాప చదివి చెప్పింది కాబట్టి నాకు తెలిసింది. చదివి చెప్పే పిల్లలు లేని ఇళ్ల సంగతేంది? మన రాష్ట్రంలో ఇన్ని కుక్కర్లు అమ్ముకునేవాళ్లు నాలుగు పేజీలు తెలుగులో అచ్చు వేయలేరా?

ఉండలు కాకుండా వేరే వాటికి కూడా పెట్టినాను. గుత్తి వంకాయ దీంట్లో చాలా బాగా వచ్చింది, అదీ ఒకే వరస సరుకే కాబట్టి. ఉర్లగడ్డ కుర్మా, చికెన్ బాగుంటాయి. పప్పుకు మాత్రం దీన్ని తీసుకోవద్దు. లోతు తక్కువ, నురగ త్వరగా గొట్టం దాకా వస్తుంది. ఇడ్లీ స్టాండు పట్టదు. తలకాయ, కాళ్లు, బొమికలు గంటలకొద్దీ ఉడికించేదానికి నేను ఇప్పటికీ పాత బిందె కుక్కరే తీస్తాను. ఇంట్లో ఒకటే కుక్కరు పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు. రెండోదిగా అయితే కళ్లు మూసుకొని తీసుకోవచ్చు.

నలుగురైదుగురున్న ఇంటికి అరకిలో కైమా లెక్కకు ఐదు లీటర్ల పాన్ చాలు. కిలో చేయాల్సి వస్తే రెండు విడతలుగా చేయండి, మసాలా మాత్రం ఒకేసారి వేయించి సగం తీసి పక్కన పెట్టుకోండి. మొన్న దీపావళికి ఆడబిడ్డ వాళ్లు వచ్చినప్పుడు నేనట్లే చేసినాను. రెండో విడత ఆవిరి దిగుతుండగా మొదటి విడత వడ్డించినాను. మా ఆడబిడ్డ తినేసి లేచి చెయ్యి కడుక్కొని, నేరుగా వంటింట్లోకి వచ్చి, నా మిషన్ మీదున్న టేపు తీసుకొని కుక్కరు అడుగు కొలుచుకొనింది.